వడ్డించువాడు మనవాడే

ధ్యానభాగములు: అపొ. కార్యములు 6:1-7, నెహెమ్యా 2:1-5, లూకా 12:35-37



వడ్డించువాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నను దిగులు లేదని మన పెద్దలు చెప్పు సామెత మీరందరెరిగినదే. పెండ్లివిందులో విస్తరి ముందు కూర్చున్నవానికి ఈ మాట ఎంత నిజమో తెలియును. గరిటె పట్టినవాని మనస్సు ఎటు తిరిగినదో, కూరలోని ముక్కలును అటే తిరుగును. అయితే ఈ సామెత ఎప్పుడును తినువాని పక్షముననే మాటలాడును. వడ్డించువాడెవడు? అతడు తినెనా? అతనికి దొరకు జీతమెంత? ఈ ప్రశ్నలు సామెతలో లేవు. మన సంఘములలోను వినబడుట లేదు. మన పల్లెలనుండి హైదరాబాదునకు, విజయవాడకు, బెంగుళూరునకు పోయి హోటళ్లలో సర్వరులుగా బ్రతుకుచున్న బిడ్డలు అనేకులున్నారు. గనుక ఈ నెల ధ్యానములో వారిని గూర్చియే తలంచుకొందము.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొంతకాలము క్రిందట సంఘపు పనిమీద ఇద్దరు పెద్దలతో కలిసి మేము పట్టణమునకు వెళ్లితిమి. మధ్యాహ్నము భోజనమునకు ఒక హోటలులో కూర్చుంటిమి. జనము క్రిక్కిరిసి యున్నారు. మేము తలలు వంచి, నలుగురు వినునట్లుగా దేవునికి కృతజ్ఞతాస్తుతి చెల్లించితిమి. ఆమేన్ అని తల ఎత్తులోగా సర్వరు పిల్లవాడొకడు పరుగున వచ్చి సాంబారు పోయగా, అది తొణికి మా పంచెమీద పడినది. ఆ పిల్లవానిని కసరినది వేరొకరని వ్రాయుటకు మనస్సు పోయినది గాని, అది అబద్ధమగును. కసరినది మేమే. “కండ్లు కనబడటంలేదా? పశువులకు కుడితి పోస్తున్నా ననుకున్నావా?” అని పదిమందిలో అంటిమి. అతడు మారు మాటలాడక తడిగుడ్డ తెచ్చి తుడిచెను. కౌంటరు దగ్గరనుండి మేనేజరు కూడ ఒక కేక వేసెను.

చేతులు కడుగుకొనుచోటికి అతడు మా వెంట వచ్చి, “అయ్యగారూ, వందనాలండి. నన్ను గుర్తుపట్టలేదా అండి?” అనెను. అప్పుడు చూచితిమి. అతడు మన సంఘమువారి కుమారుడే. పదవ తరగతి పాసైన దినమున అతని తలమీద చేయి ఉంచి ప్రార్థించినది మేమే. మా నోట మాట రాలేదు. అతడే మెల్లగా, “అమ్మకు చెప్పకండి అయ్యగారూ. కంపెనీలో పని అని చెప్పాను. హోటలులో ఎంగిలి ప్లేట్ల మధ్య ఉన్నానంటే ఊరిలో తలెత్తుకోలేదండి” అనెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అన్నము కొరకు దేవుని స్తుతించిన నోటితోనే, ఆ అన్నము తెచ్చినవానిని అవమానించితిమి. ఒకే ఊటనుండి తీపినీళ్లు చేదునీళ్లు ఊరునా అని యాకోబు భక్తుడు అడిగినది మమ్మునే అని తోచినది. మా కసురుకంటె మమ్మును ఎక్కువగా బాధించిన సంగతి మరియొకటి కలదు. ఆ బిడ్డ తన పనిని తల్లికి చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాడు. ఆ సిగ్గును అతనికి నేర్పినవారెవరు? మనమే కామా?

1. అది చేతనైన పని

వడ్డించుటకు ఏమి విద్య కావలెనని మనము తేలికగా అందుము. ఒక్కపూట హోటలులో కూర్చుండి, తినుట మాని చూడుడి. నాలుగు బల్లలయొద్ద పదునారుగురు కూర్చుందురు. ఒకరికి ఇడ్లీ, ఒకరికి ఉల్లిపాయ లేని దోశ, ఒకరికి చక్కెర లేని కాఫీ, ఒకరికి పార్సిలు. కాగితములేకయే అన్నియు అతని తలలో నుండవలెను. లోపల వంటమాస్టరుకు వరుస తప్పకుండ కేక వేయవలెను. ముంజేతిమీద మూడు ప్లేట్లు నిలిపి, కాలుతున్న సాంబారు బకెట్టుతో కుర్చీల సందులలో నడవవలెను. గ్లాసులోని నీటికి బొటనవ్రేలు తగులరాదు. ఎవరు బస్సుకు తొందరపడుచున్నారో, ఏ ముసలమ్మకు మెత్తని అన్నము కావలెనో, ఏ బిడ్డకు కారము తగ్గింపవలెనో ముఖము చూచి గ్రహింపవలెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. మంచి సర్వరు అడుగకముందే చూచి పెట్టును.

ఈ జ్ఞాపకశక్తిని గూర్చి చదువుకొన్నవారు కూడ ఆశ్చర్యపడిరి. బెర్లిన్ నగరములో మనస్తత్వశాస్త్రమును అభ్యసించిన బ్లూమా జైగార్నిక్ అను ఆమె, ముగిసిన పనికంటె ముగియని పనియే మనస్సులో ఎక్కువగా నిలుచునని 1927లో ప్రకటించెను. బిల్లు చెల్లువరకు ఆర్డర్లన్నియు జ్ఞాపకముంచుకొని, చెల్లిన వెంటనే మరచిపోవు సర్వరులను చూచుటవలననే ఈ తలంపు పుట్టినదని చెప్పుదురు. దీనిలో మనకును ఒక పాఠము కలదు. బాకీ తీరినపిదప సర్వరు ఆ లెక్కను మరల తలంచడు. మన పాపముల బాకీ సిలువమీద చెల్లింపబడినది గనుక వాటిని ఇక జ్ఞాపకము చేసికొననని యిర్మీయా ద్వారా దేవుడు వాగ్దానము చేసెను. అట్లయిన మనము పంచెమీద పడిన సాంబారును ఎన్ని దినములు జ్ఞాపకముంచుకొందుము?

కానా వివాహమును తలంచుడి. ఆరు రాతిబానలు నిండ నీరు మోసినవారెవరు? పరిచారకులు. ఆ ద్రాక్షారసము ఎక్కడనుండి వచ్చినదో విందు ప్రధానికి తెలియలేదు, పెండ్లికుమారునికి తెలియలేదు. నీళ్లు ముంచి తెచ్చిన పరిచారకులకు తెలిసినదని యోహాను వ్రాసెను. ప్రభువు చేసిన మొదటి సూచకక్రియను దగ్గరగా చూచిన భాగ్యము పై వరుసలో కూర్చున్నవారికి కాదు, కుండలు మోసినవారికి దక్కినది.

2. అది భారమైన పని

టిఫిను వేళకు ముందే లేచి, రాత్రి షట్టరు దించువరకు నిలుచుండువాని కాళ్లు ఎట్లుండునో నాట్లువేయు మన తల్లులకు చెప్పనక్కరలేదు. అయితే కాళ్ల నొప్పికంటె మనస్సు నొప్పి పెద్దది. ఆలస్యమైనదని కూర్చున్నవాడు కసరును; తొందరపెట్టుచున్నావని వంటమాస్టరు కసరును. కరవమంటే కప్పకు కోపము, విడవమంటే పాముకు కోపము అన్నట్లు అతని బ్రతుకు నడుమ నలుగుచుండును. వంట తప్పినను తిట్టు అతనికే, ధర పెరిగినను తిట్టు అతనికే. ఇంటిదగ్గర తల్లికి జ్వరమని కబురు వచ్చినను, బల్లదగ్గరకు వచ్చునప్పుడు ముఖము నవ్వుచుండవలెను.

ఆర్లీ హాక్‌షీల్డ్ అను అమెరికా సామాజిక శాస్త్రవేత్త విమానములలో ప్రయాణికులకు ఉపచారము చేయువారిని పరిశీలించి, 1983లో ఒక గ్రంథము వ్రాసెను. కోపము వచ్చినను దిగమ్రింగి, దుఃఖము కలిగినను దాచుకొని, జీతముకొరకు నవ్వు తెచ్చిపెట్టుకొనుట కూడ ఒక శ్రమయే అని ఆమె చూపించెను. గడ్డపార పట్టినవాని చెమట కనబడును. ఈ శ్రమయొక్క చెమట కనబడదు.

ఈ శ్రమను ఎరిగిన భక్తుడు మన బైబిలులో ఒకడు కలడు. నెహెమ్యా షూషను కోటలో అర్తహషస్త రాజునకు పానపాత్ర అందించువాడు. యెరూషలేము ప్రాకారములు కూలియున్నవను వార్త అతడు కిస్లేవు మాసమున వినెను. నీసాను మాసమువరకు, అనగా ఇంచుమించు నాలుగు నెలలు, గుండెలో ఆ దుఃఖము పెట్టుకొని రాజుముందర నిలిచి వడ్డించెను. అంతకుముందెన్నడును తాను రాజు ఎదుట విచారముగా నుండలేదని అతడే చెప్పుచున్నాడు. ఒకదినము ముఖము దాచలేకపోయెను. రాజు అడుగగా అతడు మిక్కిలి భయపడెను. విచారపడుటయే నేరమగునేమో అని భయము! ఆ క్షణముననే, రాజు ప్రశ్నకు ఉత్తరమియ్యకముందే, అతడు పరలోకమందున్న దేవునికి ప్రార్థన చేసెను. మోకాళ్లూనుటకు చోటులేదు, కన్నులు మూయుటకు సమయము లేదు. అయినను ఆ ప్రార్థన ఆలకింపబడినది. సర్వరు పనిలోనున్న మా బిడ్డలారా, రెండు బల్లల నడుమ నడచుచు మీరు చేయు నాలుగు మాటల ప్రార్థనను దేవుడు వినును. ఆ రాజు అన్యుడైనను తనకు వడ్డించువాని ముఖము చూచి, నీకేమి బాధ అని అడిగెను. క్రైస్తవులమైన మనము ఎన్నడైన అడిగితిమా?

3. దాని జీతము

కూలివాని జీతమును తెల్లవారువరకు మనయొద్ద నుంచుకొనరాదని లేవీయకాండములో ఆజ్ఞ కలదు. అతడు బీదవాడు గనుక దానిమీదనే మనస్సు పెట్టుకొనియుండునని ద్వితీయోపదేశకాండము కారణము కూడ చెప్పుచున్నది. బిగపట్టిన కూలి మొరపెట్టుననియు, ఆ మొర సైన్యములకధిపతియగు ప్రభువు చెవులలో పడుననియు యాకోబు హెచ్చరించెను. మన దేశపు చట్టమును ఈ త్రోవలోనే నడచుచున్నది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనముల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము నెలజీతము మరుసటి నెల ఏడవ దినము దాటకుండ చెల్లింపవలెను. పగిలిన ప్లేటు కొరకు, పనివాని సంజాయిషీ వినకుండ జీతము కోయరాదు. పదునాలుగేండ్లలోపు పిల్లలను హోటళ్లలోను ధాబాలలోను పనికి పెట్టరాదను నిషేధము 2006 అక్టోబరు 10 నుండియే యున్నది. చదువుకొన్న యువజనులు ఈ సంగతులు తెలియనివారికి చెప్పుట కూడ పరిచర్యయే.

జీతము చాలనిచోట టిప్పుమీద ఆశ పుట్టును. అమెరికా దేశములో ఇది చట్టమువరకు పోయినది. అక్కడ టిప్పు పొందు పనివారికి యజమాని తప్పక ఇయ్యవలసిన మూలవేతనము గంటకు 2 డాలర్ల 13 సెంట్లని కేంద్ర చట్టము 1991లో నిర్ణయించినది; నేటికిని అది మారలేదు. టిప్పులు కలిపినను సాధారణ కనీసవేతనమైన 7 డాలర్ల 25 సెంట్లకు చేరనియెడల తక్కువైనది యజమాని పూరింపవలెను. కొన్ని రాష్ట్రములు ఇంతకంటె ఎక్కువ ఇచ్చుచున్నవి. ఎట్లయినను, జీతములో పెద్దభాగము తినిపోవువాని దయమీద ఆనుకొన్నప్పుడు, ఆ తినువాడు అవమానించినను నవ్వవలసివచ్చును. మన దేశములో కొన్ని హోటళ్లు సర్వీసు చార్జీ అని బిల్లులోనే కలిపి వసూలు చేయుచుండగా, అట్లు బలవంతముగా కలుపరాదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో నిబంధన చేసినది; ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దానిని నిలిపినది. ఇది న్యాయమే. అయితే బిల్లునుండి అది తీసివేయబడినదని సంతోషించిన మనము, చేతికి ఇయ్యవలసినదానిని కూడ జేబులోనే ఉంచుకొందుమా?

వడ్డించువారు కలిసి నిలిచినయెడల ఏమి జరుగగలదో తెలుపు సంగతి యొకటి. కాఫీ బోర్డువారు తమ కాఫీ హవుసులను మూసివేయగా, పనిపోయినవారు చెదరిపోలేదు. కమ్యూనిస్టు నాయకుడైన శ్రీ ఎ. కె. గోపాలన్ ప్రోత్సాహముతో వారు సహకార సంఘములుగా ఏర్పడి, 1957లో బెంగుళూరులోను, 1958లో కేరళలోని త్రిచూరులోను తామే ఇండియన్ కాఫీ హవుసులను నడుపసాగిరి. వడ్డించినవారే యజమానులైరి. ఆ సహకార హోటళ్లు నేటికిని నడచుచున్నవి. వారి రాజకీయము మనది కాకపోవచ్చును. ఒకరి భారము ఒకరు మోయుట మాత్రము మన లేఖనములలోనిదే.

4. సంఘము చేసిన తీర్పు

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమునకు వత్తము. యెరూషలేము సంఘములో ప్రతిదినము బీద విధవరాండ్రకు ఆహారము పంచిపెట్టుచుండిరి. గ్రీకు మాటలాడు విధవరాండ్రు మాత్రము మరువబడుచుండిరి. మన సామెత అక్కడను నిజమైనది. వడ్డించువారు తమవారు కాని స్త్రీలు కడబంతిలో ఆకలితో మిగిలిరి. సణుగుడు పుట్టినది. అపొస్తలులు దానిని చిన్న సంగతి అని త్రోసివేయలేదు. బల్లలయొద్ద పరిచర్యకు ఏడుగురిని ఏర్పరచుడని చెప్పిరి. ఎట్టివారిని? మంచి సాక్ష్యము గలవారిని, ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారిని. వడ్డనకు ఇంత యోగ్యత కావలెనా అని మనకు తోచును, అపొస్తలులకు తోచలేదు. ఎన్నుకొనబడిన ఏడుగురి పేరులును గ్రీకు పేరులే. అనగా ఎవరు మరువబడిరో వారి మనుష్యుల చేతికే సంఘము గరిటె నిచ్చినది! ఆ గరిటె పట్టినవారిలో స్తెఫను మొదటి హతసాక్షి ఆయెను. ఫిలిప్పు సమరయకు సువార్త కొనిపోయెను. గ్రీకు మూలములో బల్లలయొద్ద సేవకును వాక్యసేవకును వాడిన మాట ఒకే కుదురునకు చెందినది. మన సంఘములలోని డీకను అను పేరును ఆ కుదురునుండి వచ్చినదే.

ప్రియులారా, బల్లయొద్ద మరువబడుట ఎట్టిదో మనకెవరును బోధింపనక్కరలేదు. మనలో అనేకుల తాతలకు హోటలు లోపల కూర్చుండు భాగ్యము లేకపోయినది. వెలుపల నిలుచుండి, వేరుగా పెట్టిన గ్లాసులో టీ త్రాగి, ఆ గ్లాసు తామే కడిగిపెట్టిరి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగముయొక్క 15వ అధికరణము హోటళ్లలో అట్టి భేదమును నిషేధించినది. 1955లో అంటరానితనమును నేరముగా శిక్షించు చట్టము వచ్చినది. చట్టము వచ్చినను రెండు గ్లాసులు ఒక్కటగుటకు ఊరూర ఎంతకాలము పట్టినదో పెద్దలు ఎరుగుదురు. తాత తాకిన గ్లాసును ముట్టనివారి మనుమలు నేడు మన బిడ్డ చేతి అన్నము తినుచున్నారు. ఇది సిగ్గుపడవలసిన సంగతియా? స్తుతింపవలసిన సంగతి. అయితే మీరు ఐగుప్తులో దాసులైయుంటిరని జ్ఞాపకము చేసికొనుడని దేవుడు ఇశ్రాయేలీయులతో పలుమారు చెప్పెను. ఆ బల్లయొద్ద అవమానమెరిగిన మనము, అదే బల్లయొద్ద కూర్చుండి మరియొకరి బిడ్డను అవమానింపవచ్చునా?

5. మనమేమి చేయవలెను?

మొదటిది, హోటలులో కూర్చున్నప్పుడు ఒరేయ్ అని పిలువక, బాబూ అనియో తమ్ముడూ అనియో అమ్మా అనియో పిలుతము. కృతజ్ఞతాస్తుతి చేసినవారము గనుక మనమీదనే అందరి కన్ను ఉండును. చేతనైన కొలది అతని చేతికే కొంత ఇత్తము. ఇయ్యలేనప్పుడు మంచిమాటనైన ఇత్తము.

రెండవది, తల్లిదండ్రులారా, మీ బిడ్డ పంపు డబ్బును లెక్కించినట్లే అతడు నిద్రించు చోటును, తినువేళను కూడ అడుగుడి. అందరికి వడ్డించి, చల్లారినది తినువాడు అతడు.

మూడవది, ఆదివారము హోటళ్లకు మిక్కిలి రద్దీ దినము. ఆ బిడ్డలు ఆరాధనకు రాలేదని వెనుదీసినవారిగా ఎంచుట న్యాయము కాదు. పట్టణములోని సంఘములు వారికి వీలైన వేళ చిన్న ప్రార్థనకూటమైన ఏర్పాటు చేయవలెను. పల్లెలోని సంఘము వారి పేరులు పెట్టి ప్రార్థింపవలెను.

నాలుగవది, మనలో హోటలు గాని టిఫిను బండి గాని నడుపువారు, జీతము దినము తప్పకుండ ఇచ్చి, పనివానికి కూర్చుండుటకు ఒక బల్లయు, తినుటకు వేడి అన్నమును ఉంచవలెను.

అయిదవది, రాబోవు ప్రేమవిందులో ఎప్పుడును వడ్డించు స్త్రీలను, యువకులను మొదటి బంతిలో కూర్చుండబెట్టి, పాదిరులును పెద్దలును గరిటె పట్టుదురు గాక. మా సంఘములో మేము ఇది ఆరంభించితిమి. సాంబారు బకెట్టు మా చేతికే వచ్చినది. మూడవ విస్తరియొద్దకు పోవులోగా చేయి వణకినది, ఒక తల్లి చీరమీద తొణికినది. ఆమె మా ముఖము చూచి నవ్వి, “ఫరవాలేదండి అయ్యగారూ” అనెను. ఆ మాట మేము పట్టణములో చెప్పవలసినది.

ఆ తల్లి ఎవరో కాదు, ఆ పిల్లవాని తల్లియే. అతని రహస్యమును మేము ఆమెతో చెప్పలేదు. అయితే మేము మరల పట్టణమునకు పోయి అతనిని క్షమాపణ అడిగి, ఈ లేఖనములన్నియు అతనితో కూర్చుండి చదివితిమి. క్రిస్మసునకు ఇంటికి వచ్చినప్పుడు అతడే తల్లితో చెప్పెను. ఆమె కొంతసేపు ఊరకుండి, “నలుగురికి అన్నం పెడుతున్నావు, ఇందులో దాచేదేముంది నాయనా?” అనెనట. మా ప్రసంగములన్నిటికంటె ఆ మాట పెద్దది.

కడపట ఒక సంగతి. తమలో ఎవరు గొప్పవారని శిష్యులు తర్కించుకొన్న రాత్రి, తాను వారి నడుమ కూర్చున్నవానివలె కాక వడ్డించువానివలె ఉన్నానని ప్రభువు సెలవిచ్చెను. మెలకువగానున్న దాసులను యజమానుడు వచ్చి చూచునప్పుడు, తానే నడుము కట్టుకొని, వారిని భోజనమునకు కూర్చుండబెట్టి, తానే వారికి ఉపచారము చేయునని ఆయన చెప్పిన ఉపమానము లూకా 12వ అధ్యాయములో నున్నది. జీవితమంతయు నిలుచుండి వడ్డించినవారు ఆ దినమున కూర్చుందురు. గాయపడిన చేతులు వారికి వడ్డించును. వడ్డించువాడు మనవాడే, ఏ బంతిలో కూర్చున్నను దిగులు లేదు.

ప్రార్థన: శిష్యుల పాదములు కడిగిన ప్రభువా, మాకు అన్నము వడ్డించు చేతులను దీవించుము. అలసిన వారి కాళ్లకు విశ్రాంతిని, వారి శ్రమకు తగిన జీతమును దయచేయుము. బల్లయొద్ద మేము పలికిన కఠినపు మాటలను క్షమించి, మా నోటికి నీ సాత్వికమును నేర్పుము. ఆమేన్.